కంప్యూటరు కొనేముందు: తాళంచెవి ఎవరి చేతిలో?

(సిద్దిపేటలో మహిళా సంఘాల కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



సమాజశాస్త్రం చదువుకున్న మనిషి కంప్యూటరు కొనడం గురించి మాట్లాడడమేమిటని మీలో కొందరికి అనిపించవచ్చు. నేను ఇంజనీరును కాను. మీరు ఆఫీసు కోసం ఏడాదిగా డబ్బు కూడబెట్టారు. "తక్కువల తక్కువ ఏది మంచిగుంటదో జెర చెప్పండి మేడం" అని నన్నడిగారు. ఒక కంపెనీ పేరు చెప్పి ఊరుకుంటే రెండు నిమిషాల్లో అయిపోయేది. కానీ పోయినసారి సిద్దిపేట వచ్చినప్పుడు జరిగిన ఒక సంగతి వల్ల ఈ ప్రశ్న నాకు అంత చిన్నదిగా కనిపించడం లేదు.

ఆ రోజు ఒకామె తరఫున గృహహింస అర్జీ టైపు చేయించడానికి మన కార్యకర్త ఒకరితో కలిసి ఒక ఇంటర్నెట్ సెంటరుకు వెళ్ళాను. అక్కడి అబ్బాయి మంచివాడే. మన వాళ్ళంటే గౌరవం కూడా ఉంది. "మళ్ళ మొదట్నుంచి టైపు కొట్టుడెందుకక్కా, మీ సంఘపోళ్ళ పాత అర్జీలు నా దగ్గర్నే ఉన్నయ్. పేరు, ఊరు మారుస్తే అయిపోతది" అంటూ ఒక ఫైలు తెరిచాడు. రెండేళ్ళ కిందటి అర్జీ. అందులో ఒక స్త్రీ పేరు, ఊరు, భర్త పేరు, అతను ఆమెను ఏం చేసేవాడో ఆమె మనకు మాత్రమే చెప్పుకున్న మాటలు. ఫొటోలు దిగడానికి, హాల్‌టికెట్లు తీసుకోవడానికి వచ్చినవాళ్ళు నలుగురు మా వెనకే నిలబడి ఉన్నారు.

ఆ అబ్బాయి దురుద్దేశంతో చేసింది కాదు. మనకు సాయం చేయాలనే చేశాడు. అందుకే అది నన్ను ఎక్కువ కలవరపెట్టింది. తలుపులు మూసి, ఆమెను కూర్చోబెట్టి, ఎవరికీ చెప్పమని మాటిచ్చి విన్న కథను, బజారులో ఎవరిదో అయిన యంత్రంలో మనమే వదిలేసి వస్తున్నాం. లైంగిక నేరాల్లో బాధితురాలిని గుర్తుపట్టే వివరాలు ముద్రించడం, ప్రచురించడం శిక్షార్హమని చట్టం చెబుతోంది. పాత శిక్షాస్మృతిలో అది 228-ఎ. 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 72వ సెక్షను. ఇది మనందరికీ తెలుసు. పత్రికలవాళ్ళకు చెబుతుంటాం కూడా. మన అర్జీలు ఎక్కడ పడి ఉన్నాయో మాత్రం చూసుకోలేదు.

కాబట్టి మనం కంప్యూటరు కొనేది హోదా కోసం కాదు, "డిజిటల్" అనిపించుకోవడానికీ కాదు. మన దగ్గర మాట దాచుకున్న స్త్రీల మాట మన గదిలోనే ఉండడానికి. ఈ ఒక్క అవసరాన్ని ముందుంచుకుంటే, ఏది కొనాలో, ఎంతలో కొనాలో చాలావరకు తేలిపోతుంది.

ఇది మనది కాదనే భయం

షాపుకు వెళ్ళాలనగానే "ఎవరన్న మగపిలగాన్ని తోల్కపోదాం" అన్నారు మీలో ఇద్దరు ముగ్గురు. ఈ భయం ఎక్కడిది? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, ఎప్పుడైనా ఒక్కసారైనా ఇంటర్నెట్ వాడిన స్త్రీలు తెలంగాణలో నూటికి 26.5 మంది, పురుషులు 57.4 మంది. ఇది తెలివికి సంబంధించిన తేడా కాదు. యంత్రం ఇంట్లోకి వచ్చినప్పుడు మొదట ఎవరి చేతికి అందుతుందన్న తేడా. రేడియో వచ్చినప్పుడూ అంతే, మోటారు సైకిలు వచ్చినప్పుడూ అంతే.

చరిత్ర చూస్తే ఇంకోలా ఉంది. "కంప్యూటర్" అనే మాట మొదట మనుషులకే ఉండేది, లెక్కలు కట్టే ఉద్యోగులకు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో అమెరికాలో ఫిరంగి గుళ్ళ లెక్కలు కట్టింది ఎక్కువగా స్త్రీలే. 1946లో లోకానికి చూపించిన ఎనియాక్ అనే తొలితరం యంత్రాన్ని పని చేయించే పద్ధతి తయారుచేసిన వాళ్ళు ఆరుగురు స్త్రీలు. వాళ్ళ పేర్లు వెలుగులోకి రావడానికి దశాబ్దాలు పట్టింది.

అంతదూరం పోనక్కరలేదు. ఒకప్పుడు సిద్దిపేట, జహీరాబాదు ఒకే మెదక్ జిల్లాలో ఉండేవి. ఆ జహీరాబాదు దగ్గర మాచునూరులో 2008 అక్టోబరు 15న సంఘం రేడియో మొదలైంది. దాన్ని నడిపింది దళిత స్త్రీలు. మైకు, రికార్డరు, ఎడిటింగు అన్నీ వాళ్ళే చూసుకున్నారు. వీడియో కెమెరా పట్టుకుని సినిమాలు తీసినవాళ్ళలో బడికి పోనివాళ్ళు కూడా ఉన్నారు. యంత్రం ముందు మన చేతులు వణికేది మనకు రాదని కాదు, ముట్టుకోనివ్వలేదని.

నా సంగతీ చెప్తాను. పరిశోధన చేసే రోజుల్లో నేను కొన్న మొదటి కంప్యూటరు గురించి నాకేమీ తెలియదు. షాపతను ఏదో చెప్పాడు, నేను తలూపాను. బిల్లు లేదు. అందులో వేసిన సాఫ్ట్‌వేరు అంతా దొంగ కాపీ. ఒకరోజు అది మొరాయిస్తే బాగుచేయడానికి పట్టుకుపోయి, నన్ను అడక్కుండానే డిస్కు మొత్తం తుడిచేసి, మళ్ళీ అదే దొంగ కాపీ వేసి తెచ్చిచ్చారు. దుబ్బాక ప్రాంతంలో బీడీలు చుట్టే స్త్రీలతో చేసిన ఇంటర్వ్యూలు అందులో పోయాయి. కొన్ని కాగితాల మీద మిగిలాయి, కొన్ని మిగల్లేదు. పగలంతా చాటలో ఆకు పెట్టుకుని, రాత్రి నా కోసం కూర్చుని మాట్లాడిన ఆ అమ్మలకు ఏం జవాబు చెప్పను? సమాజశాస్త్రంలో డాక్టరేటు వచ్చింది కానీ, ఆ పెట్టెలో ఏముందో ఒక్క ప్రశ్న అడగడం నాకు రాలేదు. అడిగితే నవ్వుతారనుకున్నాను. మీరు ఆ తప్పు చేయొద్దు.

ఫోనా, ల్యాప్‌టాపా, డెస్క్‌టాపా?

"ఫోన్ల అన్ని అయితున్నయ్ గదా" అన్నారు ఒకరు. ఫోను మంచిదే. కానీ మన ఫోన్లు ఇంటికి పోతాయి. భర్త చూస్తాడు, కొడుకు ఆడుకుంటాడు, మరిది తీసుకుంటాడు. కేసు వివరాలు ఉండాల్సిన చోటు కాదది. పైగా నాలుగు పేజీల అర్జీ, ఇరవై మంది లెక్కల పట్టిక ఫోనులో చేయడం కళ్ళకు శిక్ష.

ల్యాప్‌టాప్ మోసుకుపోవచ్చు. అదే దాని గుణం, అదే దాని దోషం. సంఘం ల్యాప్‌టాపు కొంటే నెల తిరక్కుండా ఎవరో ఒకరి ఇంటికి చేరుతుంది. ఇంగ్లీషు వచ్చిన వాళ్ళింటికో, కార్యదర్శి ఇంటికో. ఆమె పిల్లలు చదువుకుంటారు. ఆమె ఊరికి పోతే మన పని ఆగిపోతుంది. తప్పు ఆమెది కాదు, ఏర్పాటుది. డెస్క్‌టాపు కదలదు. గది తాళం తీసిన ప్రతి ఒక్కరిదీ అవుతుంది. అదే డబ్బుకు ఎక్కువ పనిచేస్తుంది, ఒక భాగం చెడిపోతే ఆ ఒక్కటే మార్చుకోవచ్చు. తెర, పెట్టె కలిసి ఒకటే ఉండే "ఆల్ ఇన్ వన్" అందంగా ఉంటుంది కానీ, చెడిపోతే బాగుచేయించడం కష్టం. మనకు విడివిడిగా ఉన్నదే మేలు.

ముందు పని, తరువాత యంత్రం

షాపులోకి అడుగుపెట్టకముందు ఒక కాగితం మీద మన పనులు రాసుకుందాం. తెలుగులో అర్జీలు, సమావేశాల తీర్మానాలు, పొదుపు లెక్కలు, ఈ-మెయిలు, ప్రభుత్వ వెబ్‌సైట్లు చూడడం, అప్పుడప్పుడు వీడియో సమావేశం. ఇంతే గదా? ఈ పనులకు ఖరీదైన యంత్రం అవసరం లేదు. ఆటలకూ, సినిమాల ఎడిటింగుకూ పనికొచ్చే గ్రాఫిక్స్ కార్డు ఎవరైనా అంటగట్టబోతే "మాకొద్దు" అని చెప్పేయండి.

ఇక పెట్టెలో ఏముంటుందో చూద్దాం. వంటింటి పోలిక తెస్తున్నాను. ఆడవాళ్ళకు వంటిల్లే అర్థమవుతుందని కాదు, దానికన్నా చక్కని పోలిక దొరకక. ప్రాసెసరు వంట చేసే చెయ్యి. ర్యామ్ పొయ్యి పక్కనున్న గట్టు. డిస్కు సామాను దాచే అర. చెయ్యి ఎంత చురుకైనా గట్టు ఇరుకైతే గిన్నె పెట్టే చోటుండదు, పని నెమ్మదిస్తుంది. అర దూరంగా ఉంటే ఉప్పుకోసం పదిసార్లు నడవాలి.

గట్టు, అంటే ర్యామ్, 8 జి.బి. ఉండాలి. 4 జి.బి.తో విండోస్ 11 మొదలవుతుంది కానీ ఈసురోమంటుంది. ఆ 8 జి.బి.ని ఒకే ముక్కగా పెట్టించి, పక్క స్థానం ఖాళీగా ఉంచమనండి. రేపు డబ్బున్నప్పుడు ఇంకో ముక్క తగిలించుకోవచ్చు. 2025 చివరి నెలల నుంచి ఈ మెమొరీ ధరలు ప్రపంచమంతటా బాగా పెరిగాయి. కృత్రిమ మేధ కోసం పెద్ద పెద్ద డేటా కేంద్రాలు కడుతున్న కంపెనీలు చిప్పులన్నీ ఎగరేసుకుపోవడం దీనికి ముఖ్య కారణం. అక్కడెక్కడో కోటీశ్వరుల పోటీకి ఇక్కడ మన పొదుపు డబ్బు కరుగుతోంది. అందుకే అవసరానికి మించి కొనొద్దు.

అర, అంటే డిస్కు, ఎస్.ఎస్.డి. కావాలి. పాత హార్డు డిస్కులో పళ్ళెం గిరగిరా తిరుగుతుంటుంది. ఎస్.ఎస్.డి.లో తిరిగేది ఏదీ లేదు, అందుకే చాలా వేగం. కాగితాలకూ లెక్కలకూ 256 జి.బి. చాలు. ఫొటోలు, వీడియోలు ఎక్కువగా దాచేవాళ్ళయితే 512.

ఇక ప్రాసెసరు. మనం ఎక్కువగా మోసపోయేది ఇక్కడే. "ఐ3 ఎందుకమ్మా, అదే ధరకు ఐ5 ఇస్తా" అంటారు. ఐ5 అనేది ఇంటి పేరు లాంటిది, వయసు చెప్పదు. వయసు దాని పక్కనున్న అంకెల్లో ఉంటుంది. ఐ5-4570 అనేది 2013 నాటిది. ఐ3-12100 అనేది 2022 నాటిది. ఆ ఐ5 కన్నా ఈ ఐ3 చాలా చురుకైనది. కాబట్టి పూర్తి నంబరు కాగితం మీద రాయించుకోవాలి. రైజెన్ రకమైనా ఇదే పద్ధతి. రాయడానికి ఇష్టపడని షాపులో కొనకండి.

షాపులో అడగవలసినవి

మొదటిది, చెప్పిన ధరలో ఏమేమి ఉన్నాయి? బోర్డు మీద రాసేది తరచు పెట్టె ధర మాత్రమే. తెర, కీబోర్డు, మౌసు, యు.పి.ఎస్., ప్రింటరు కలిపితే లెక్క మారిపోతుంది. యు.పి.ఎస్. లేకుండా కొనొద్దు. కరెంటు పోయినప్పుడు పని భద్రపరచుకుని ఆపుకోవడానికి అది కొన్ని నిమిషాలు నిలబెడుతుంది. లేజర్ ప్రింటరును మాత్రం దానికి తగిలించకండి, ఆ భారం మోయలేదు. మన అర్జీలన్నీ నలుపే కాబట్టి నలుపు ముద్రణ లేజర్ ప్రింటరు చాలు. నాలుగు వారాలు వాడకపోయినా అందులో సిరా ఎండిపోయే గొడవ ఉండదు.

రెండోది, కొత్తదా, పాతదా? ఆఫీసుల్లో వాడి తీసేసిన యంత్రాలకు కొత్త డబ్బా తొడిగి చవగ్గా అమ్ముతుంటారు. విండోస్ 10కు కంపెనీ మామూలు భద్రతా మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11కు టి.పి.ఎం. 2.0 అనే భద్రతా ఏర్పాటు కావాలి. ఇంటెల్ ప్రాసెసరయితే సాధారణంగా ఎనిమిదో తరం, ఆ తర్వాతదై ఉండాలి. అందుకే చాలా పాత యంత్రాలు ఇప్పుడు బజారులోకి వచ్చాయి. పాతది కొనడం తప్పు కాదు. ఏం కొంటున్నామో తెలిసి కొనాలి.

మూడోది, అందులో ఏ సాఫ్ట్‌వేరు వేస్తారు? "విండోస్, ఆఫీసు అన్నీ ఫ్రీగ వేసిస్తం" అంటే అది చాలావరకు దొంగ కాపీయే. దాంతో ఏమొస్తుందో మనకు తెలియదు. రెండు మంచి దారులున్నాయి. డబ్బు పెట్టి విండోస్ లైసెన్సు కొనడం ఒకటి. లినక్స్ వేసుకోవడం రెండోది. ఉబుంటు, మింట్ లాంటివి చట్టబద్ధంగానే ఉచితం. రాతపనికీ లెక్కలకూ లిబ్రే ఆఫీసు కూడా ఉచితమే. హైదరాబాదులో స్వేచ్ఛ అనే సంస్థ 2005 నుంచీ తెలుగులో స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు కోసం పనిచేస్తోంది. మీ ఆడిటరు ట్యాలీలోనే లెక్కలు కావాలంటే మాత్రం విండోస్ అవసరపడుతుంది. అది ముందే అడిగి తెలుసుకోండి.

నాలుగోది, తెలుగు. "తెలుగుకు సపరేటు పైసలైతయ్" అంటే నమ్మకండి. విండోస్‌లోనూ లినక్స్‌లోనూ తెలుగు కీబోర్డు ముందే ఉంటుంది. అచ్చులు ఎడమ చేతికి, హల్లులు ఎక్కువగా కుడి చేతికి వచ్చే ఇన్‌స్క్రిప్ట్ పద్ధతి ఇంగ్లీషు అక్షరాలు రానివాళ్ళకు ఎంతో అనువు. ఎ, బి, సి, డి రానందుకు కంప్యూటరు రాదనుకునే అక్కలకు ఈ మాట గట్టిగా చెప్పండి. ఇంకొకటి. మన పత్రికల పాత సంచికలు ఎన్నో డి.టి.పి. ఫాంటుల్లో టైపయ్యాయి. ఆ ఫాంటు లేని యంత్రంలో అవి పిచ్చి గీతల్లా కనిపిస్తాయి. ఇకనుంచి మనం రాసేదంతా యూనికోడులోనే ఉండాలి. ఇరవై ఏళ్ళ తర్వాత ఒక అమ్మాయి వెతికినా మన మాట ఆమెకు దొరకాలి.

అయిదోది, బిల్లు. "బిల్లు లేకుంటే తగ్గిస్తం" అంటారు. పన్ను కాకుండా ధర 30,000 రూపాయలు అనుకుందాం. 18 శాతం జి.ఎస్.టి. 5,400. మొత్తం 35,400. ఆ 5,400 కోసం బిల్లు వదులుకుంటే వారంటీ వదులుకున్నట్టే, సంఘానికి లెక్క చూపే ఆధారం వదులుకున్నట్టే. బిల్లుంటే 2019 వినియోగదారుల రక్షణ చట్టం మన వెనక ఉంటుంది. వస్తువు ఏ ఊళ్ళో కొన్నా మనం ఉండే చోటే జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు చేయవచ్చు. అయిదు లక్షల లోపు వస్తువుకు ఫీజు లేదు. ఫోను చేయడానికి 1915 నంబరుంది.

ఎక్కడ కొనాలి? ధరలు తెలుసుకోవడానికి ఇద్దరు సికింద్రాబాదు వెళ్ళి రండి. 2023 డిసెంబరు 9 నుంచి మనకు బస్సు టిక్కెట్టు లేదు. అదే ఏడాది అక్టోబరు నుంచి సిద్దిపేటకు రైలు కూడా ఉంది. పార్కు లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటరు అంతా కంప్యూటరు షాపులే. మూడు చోట్ల కొటేషన్లు రాయించుకోండి. కొనేది మాత్రం, ధరలో పెద్ద తేడా లేకపోతే, సిద్దిపేటలోనే. రేపు చెడిపోతే పెట్టె ఒళ్ళో పెట్టుకుని వంద కిలోమీటర్లు పోలేం. షాపుకు ఒక్కరు కాకుండా ముగ్గురు వెళ్ళండి. అందులో ఒకరికి చదువు రాకపోయినా ఫర్వాలేదు. బేరమాడడం వచ్చినామె ఉండాలి.

తాళంచెవి

కొన్నాక అసలు పని మొదలవుతుంది. షాపు అబ్బాయి వచ్చి అన్నీ పెట్టి, పాస్‌వర్డు తనే వేసి, "ఏమన్నైతే నాకు ఫోన్ చెయ్యక్కా" అని వెళ్ళిపోతాడు. అక్కడితో యంత్రం మన గదిలో, తాళంచెవి అతని జేబులో. అతను లేచి వెళ్ళకముందే మనం పాస్‌వర్డు మార్చుకోవాలి. అది ఇద్దరికి తెలిసి ఉండాలి, ఒక్కరికే కాదు. పనిచేసే ప్రతి ఒక్కరికీ వేరే ఖాతా తెరవాలి.

పాస్‌వర్డు ఒక్కటే చాలదు. డిస్కు ఊడదీసి ఇంకో యంత్రానికి తగిలిస్తే ఫైళ్ళన్నీ కనిపిస్తాయి. అందుకే ఎన్‌క్రిప్షన్ అనే రెండో తాళం వేయించాలి. లినక్స్ వేసేటప్పుడే అది అడుగుతుంది. విండోస్‌లో ఉందో లేదో సెట్టింగుల్లో మన కళ్ళతో చూసుకోవాలి. దాని తాళపు అంకెలు పోతే మనకూ తెరుచుకోదు. కాబట్టి కాగితం మీద రాసి బీరువాలో పెట్టాలి. రిపేరుకు ఇచ్చినప్పుడు, డిస్కుతో పని లేకపోతే, డిస్కు తీసి మన దగ్గరే ఉంచుకోవచ్చు. రెండు స్క్రూల పని అది, నేర్చుకోవచ్చు. వారానికొకసారి అన్నీ ఇంకో డిస్కులోకి కాపీ చేసి, తాళం వేసిన ఆ డిస్కును వేరే చోట దాచాలి. నా ఇంటర్వ్యూలు పోయినట్టు మీవి పోకూడదు.

చివరిగా ఒక విషయం. మన సంఘాల్లో కూడా శ్రమ విభజన ఉంది. చదువుకున్న వాళ్ళు కుర్చీలో కూర్చుంటారు, చదువులేని వాళ్ళు చాప పరుస్తారు, చాయ్ పోస్తారు. కంప్యూటరు వస్తే ఈ గీత ఇంకా లోతుగా పడే ప్రమాదముంది. "ముట్టకు, ఖరాబైతది" అని మనకు మగవాళ్ళు చెప్పిన మాటే మనం మన అక్కలకు చెప్పవద్దు. వంతులు వేసుకోండి. ప్రతి ఒక్కరూ వారానికి ఒక గంట కూర్చోవాలి. తన పేరు తాను టైపు చేయడంతో మొదలుపెట్టాలి. టైపు చేస్తే కంప్యూటరు చెడిపోదు.

ఆ ఇంటర్నెట్ సెంటరుకు మళ్ళీ వెళ్ళాం. మన పాత ఫైళ్ళన్నీ మా ముందే తీసేయమని అడిగాం. "తీసేస్త గని, గిన్ని రోజులు లేనిది గిప్పుడెందుకక్కా?" అన్నాడు. నాతో వచ్చిన కార్యకర్త అతనికి ఓపిగ్గా వివరించింది. అతను తీసేశాడు, చెత్తబుట్టలోంచి కూడా. డిస్కులో ఇంకేమన్నా మిగిలి ఉంటే అది మన చేతిలో లేదు. ఇకముందు రాసే అర్జీ మాత్రం మన చేతిలో ఉంది. అది మన గదిలో, మన వాళ్ళ వేళ్ళ మీదుగా, ఆమె పక్కన కూర్చుని తన మాట తెర మీద చదువుకుంటుండగా తయారు కావాలి. అందుకోసం కొనండి.